గడచిన బంతి, రాబోయే బంతి

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, లాస్ ఏంజిలిస్ మహానగరానికి ఆగ్నేయంగా ఫుల్లర్టన్ అనే పట్టణం ఉంది. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయపు బేస్‌బాల్ జట్టుకు టైటన్లని పేరు. 2004వ సంవత్సరంలో ఆ జట్టు ఆటగాళ్లు తమ వంతు వచ్చేవరకు కూర్చునే చావడిలో, బ్యాట్లకూ చేతితొడుగులకూ నడుమ ఒక వింత వస్తువు కనిపించేది. అది చిన్నపిల్లల ఆటబొమ్మంత మరుగుదొడ్డి. బంతిని కొట్టలేక తలవంచుకొని తిరిగివచ్చిన కుర్రవాడు దాని దగ్గరకు వెళ్లి, చిన్న మీటను నొక్కి, తన చోటికి వెళ్లి కూర్చునేవాడు. జరిగిన పొరపాటు నీటితో పాటు కొట్టుకొనిపోయినట్లే లెక్క. ఇక దాని గురించి మాట లేదు.

చూసేవారికి నవ్వు తెప్పించే ఆ బొమ్మ వెనుక నవ్వులాట కాని అవసరం ఒకటి ఉంది. ఆ సీజనులో మొదటి 31 ఆటలు ముగిసేసరికి టైటన్లు గెలిచినవి 15, ఓడినవి 16. 1979, 1984, 1995 సంవత్సరాలలో జాతీయ కళాశాలల విజేతగా నిలిచిన జట్టుకు అది తలవంపు. ఆటగాళ్లకు ప్రతిభ లేదా అంటే ఉంది. శ్రమించడం లేదా అంటే వేళకు ముందే మైదానానికి వస్తున్నారు. అయినా గెలుపు చేతికి అందినట్లే అంది జారిపోతున్నది.

ఆ తర్వాత వారు ఆడిన ఆటలు 38. అందులో 32 గెలిచి, 6 మాత్రమే ఓడారు. జూన్ నెలాఖరుకు వారు అమెరికా కళాశాలల జాతీయ విజేతలు. కుర్రవాళ్లు వారే, శిక్షకుడు ఆయనే, మైదానమూ అదే. ఈ రెండు సగాల మధ్య ఆ కుర్రవాళ్లు సాధన చేసిన విద్యను ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. గడచిన బంతిని గడచిపోనిచ్చి, రాబోయే బంతి దగ్గరకు వట్టి చేతులతో వెళ్లడం. చెప్పడానికి ఒక్క వాక్యమే. చేయడానికి మాత్రం కొందరికి ఒక జీవితకాలం చాలదు.

ఓటమితో సహవాసం

క్రికెట్ తెలిసిన వారికి బేస్‌బాల్‌ను పరిచయం చేయడం కష్టం కాదు. బౌలరు స్థానంలో పిచర్ ఉంటాడు. ఆయన ఒక చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి, నేలకు తాకకుండా బంతి విసురుతాడు. వికెట్‌కీపరు స్థానంలో క్యాచర్ ఉంటాడు. దిబ్బకూ బ్యాట్స్‌మన్ నిలిచే చోటికీ దూరం 60 అడుగుల 6 అంగుళాలు. గంటకు 90 మైళ్ల వేగంతో వచ్చే బంతి ఆ దూరాన్ని సెకనులో పదింట నాలుగు వంతుల కాలంలో దాటుతుంది. బంతి ఎటువంటిదో గుర్తించడం, కొట్టాలో వదలాలో తేల్చుకోవడం, గుండ్రటి బ్యాటుతో గుండ్రటి బంతిని తాకడం, అన్నీ ఆ లోపలే జరగాలి. కనురెప్ప ఒకటి రెండు సార్లు కొట్టుకునే వ్యవధి అది.

అందుచేత ఈ ఆటలో వైఫల్యం అపవాదం కాదు, నియమం. పది అవకాశాలలో మూడుసార్లు బంతిని సఫలంగా కొట్టగలవాడు మేటి ఆటగాడనిపించుకుంటాడు. అంటే ఆ మేటి ఆటగాడు కూడా పదింట ఏడుసార్లు ఏమీ సాధించకుండానే తిరిగివస్తాడు. జీతం పుచ్చుకొని చేసే ఏ వృత్తిలోనూ ఇంత వైఫల్యాన్ని ఎవరూ క్షమించరు.

క్రికెట్‌లో ఔటైన బ్యాట్స్‌మన్ పెవిలియన్ చేరుకుంటాడు. ఆ ఇన్నింగ్సుకు అతని బాధ్యత తీరిపోతుంది. దుఃఖించడానికి అతనికి తీరుబాటు దొరుకుతుంది. బేస్‌బాల్‌లో ఆ సౌకర్యం లేదు. ఒకే ఆటలో ఒక్కొక్కరికి నాలుగైదుసార్లు వంతు వస్తుంది. ఔటైనవాడు కొద్ది నిమిషాలలోనే చేతితొడుగు తొడుక్కొని మైదానంలోకి వెళ్లి బంతులు ఆపాలి. మళ్లీ కాసేపటికి బ్యాటు పట్టాలి. రేపు మరొక ఆట, ఎల్లుండి ఇంకొకటి. నిన్నటి తప్పును మోసుకొని తిరిగే వానికి ఈ ఆటలో ఆ బరువు దించుకునే విశ్రాంతి దినం రాదు.

అలా మోయడం వల్ల కలిగే నష్టం మనస్సుతో ఆగదు. తప్పును నెమరువేస్తున్న వాని శ్వాస పైపైనే ఆడుతుంది. భుజాలు బిగుస్తాయి. బ్యాటును పట్టిన వేళ్లు తెల్లబారేటంత గట్టిగా పట్టుకుంటాయి. వేలసార్లు అభ్యసించి శరీరానికి అప్పగించిన పనిని మనస్సు తిరిగి తన చేతిలోకి లాక్కుంటుంది. మోచేయి ఎక్కడ ఉండాలి, పాదం ఎప్పుడు కదలాలి అని లెక్కవేయడం మొదలుపెడుతుంది. మెట్లు దిగేటప్పుడు ఒక్కొక్క అడుగునూ ఆలోచిస్తూ వేసేవాడు తడబడినట్లే ఆటగాడూ తడబడతాడు. ఒక తప్పు నుంచి రెండవది పుడుతుంది. రెండవది మూడవదానికి దారి తీస్తుంది. ఫుల్లర్టన్ వంటి మంచి జట్లు కూడా వరుసగా ఓడడంలో రహస్యం ఇంతకంటె పెద్దదేమీ కాదు.

ఆచార్యుని పాఠశాల

ఆ రోజులలో టైటన్లతో పనిచేసిన మనస్తత్వ నిపుణుడు కెన్ రవీజా. ఆయన అదే విశ్వవిద్యాలయంలో వ్యాయామ విజ్ఞాన ఆచార్యులు. క్రీడాకారులు తమ శక్తి శిఖరాన్ని అందుకున్న క్షణాలలో ఏమి అనుభవిస్తారన్న విషయం మీద పరిశోధన చేసి, 1973లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. ఆటగాళ్లకు మనస్తత్వ నిపుణుడెందుకని శిక్షకులు కనుబొమలు ముడివేసే కాలంలోనే ఆయన మైదానాలలో తిరగడం ప్రారంభించారు. గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలడిగే వైద్యుని పద్ధతి ఆయనది కాదు. ఆటగాళ్లతో పాటు మట్టిలో నిలబడి, వారి భాషలో మాట్లాడేవారు. టామ్ హాన్సన్‌తో కలిసి 1995లో ఆయన ప్రచురించిన పుస్తకం బేస్‌బాల్ శిక్షకుల చేతిపుస్తకంగా మారింది.

ఆయన బోధనలో మొదటి పాఠం కూడలిలోని దీపాల పోలిక. ఆకుపచ్చ దీపం వెలుగుతున్నప్పుడు బండి నడిపేవాడు ఆలోచించకుండా ముందుకు పోతాడు. పసుపు దీపం కనిపిస్తే జాగ్రత్తపడతాడు. ఎర్రదీపాన్ని దాటిపోతే ప్రమాదం తప్పదు. ఆటగాని లోపల కూడా ఇటువంటి దీపాలే ఉన్నాయని, ఎవరి పసుపు దీపాన్ని వారే గుర్తించాలని ఆయన చెప్పేవారు. ఒకనికి అది దవడ బిగియడం. మరొకనికి నడక వేగం కావడం. ఇంకొకనికి మాటిమాటికీ స్కోరుబోర్డు వైపు చూపు పోవడం. ఆ గుర్తును ముందుగా పట్టుకోగలిగినవానికి ఎర్రదీపం దాకా పోవలసిన అవసరం రాదు.

రెండవ పాఠం శ్వాస, చూపు. మైదానంలో కదలని వస్తువును ఒకదానిని ఎన్నుకోవాలి. మనస్సు చెదిరినప్పుడు పక్కకు జరిగి, దాని వైపు చూసి, నిండుగా ఒక ఊపిరి తీసి వదలాలి. ఆ తర్వాతనే బ్యాటు పట్టి ముందుకు అడుగు వేయాలి. రవీజా వద్ద ఈ విద్య నేర్చి, తర్వాత వృత్తి క్రీడలో పేరు పొందిన ఇవాన్ లాంగోరియా మైదానపు ఎడమ ఎల్లను సూచించే గుంజ చివరి మీద చూపు నిలిపేవాడు. ఆ గుంజలో మహిమ ఏమీ లేదు. వేలమంది కేకలు వేస్తున్న వేళ అది కదలదు, మారదు. అదే దాని విలువ.

మూడవ పాఠం విసర్జన. తప్పు జరిగిన వెంటనే దానికొక భౌతిక రూపం కల్పించి పారవేయాలి. పిడికెడు మట్టిని తీసి జారవిడవవచ్చు. పాదంతో నేలను చదును చేయవచ్చు. చావడిలోని బొమ్మ మరుగుదొడ్డి ఈ పాఠానికి పరాకాష్ఠ. మరచిపో అని మనస్సును ఆజ్ఞాపిస్తే అది వినదు, పైగా మరింత గట్టిగా పట్టుకుంటుంది. చేతికి ఒక పని అప్పగిస్తే మనస్సు చేతి వెంట నడుస్తుంది. పైగా నవ్వు వస్తుంది. నవ్వినవాని భుజాలు బిగుసుకొని ఉండలేవు.

ఫలాపేక్ష విడిచి కర్మ చేయమన్న ఉపదేశాన్ని తరతరాలుగా వింటున్న దేశంలో ఈ మాటలు కొత్తగా తోచవు. కొత్తది ఉపదేశం కాదు, దానిని ఇరవై ఏళ్ల కుర్రవాడు మధ్యాహ్నపు ఎండలో ఆచరించడానికి వీలుగా కల్పించిన సాధనం. ద్రోణుడు పెట్టిన పరీక్షలో అర్జునునికి పక్షి కన్ను తప్ప మరేమీ కనిపించలేదని అందరూ చదివినదే. ఆ కథలో బాణం గురి తప్పలేదు. బేస్‌బాల్ అడిగే ప్రశ్న వేరు. పది బాణాలలో ఏడు గురి తప్పితే, ఎనిమిదవ బాణం సంధించేటప్పుడు అర్జునునికి పక్షి కన్ను కనిపిస్తుందా, లేక తప్పిన ఏడు బాణాలు కనిపిస్తాయా?

ఏకాగ్రత అంటే చెదరని మనస్సు అని సాధారణంగా భావిస్తారు. రవీజా పద్ధతి దానిని మరొక విధంగా నిర్వచిస్తుంది. మనస్సు చెదరడం తప్పదు. చెదిరిన మనస్సును ఎంత త్వరగా వెనుకకు తీసుకొని రాగలరన్నదే కొలత. మనస్సు బాగున్న రోజున బాగా ఆడడం ఎవరికైనా సాధ్యమే. బాగులేని రోజున ఉన్నంతలో ఎంత చక్కగా ఆడగలవని ఆయన ఆటగాళ్లను నిలదీసేవారు. ఈ ప్రశ్న ఎందరికో ఊరట కలిగించింది. హాయిగా అనిపించేవరకు ఎదురుచూడనవసరం లేదని, అనిపించకపోయినా పని చేయవచ్చునని అది వారికి నేర్పింది.

కొలబద్ద మారినప్పుడు

సీజను సగంలో తలపట్టుకున్న జట్టుకు శిక్షకుడు జార్జ్ హోర్టన్. 1997 సీజను నుంచి ఆ పదవిలో ఉన్నారు. అటువంటి స్థితిలో శిక్షకులు సామాన్యంగా చేసే పని ఒకటుంది. మిగిలిన ఆటలెన్ని, అందులో ఎన్ని గెలవాలి అన్న గణితం ఆటగాళ్ల ముందు పెడతారు. ఆ లెక్క తప్పు కాకపోవచ్చు. కాని అది కుర్రవాళ్ల కళ్లను ఎదుట ఉన్న బంతి మీద నుంచి రెండు నెలల తరువాతి తేదీ మీదికి మళ్లిస్తుంది.

రవీజా పద్ధతిలో లెక్క చాలా చిన్నది. ఒక్క బంతి. ఆ బంతికి ముందు ఒక సంకల్పం ఉండాలి. ఎటువంటి బంతి వస్తే కొట్టాలి, ఎటువంటిది వస్తే వదలాలి అన్న నిర్ణయం బ్యాటు పట్టకముందే జరిగిపోవాలి. బంతి వస్తున్నప్పుడు ఆలోచన ఉండరాదు, చూపు మాత్రమే ఉండాలి. బంతి పోయిన తర్వాత ఒక్క ప్రశ్న వేసుకోవాలి: అనుకున్న పని చేశానా, లేదా? జవాబు ఏదైనా సరే, అక్కడితో దానిని విడిచిపెట్టాలి. ఏకాగ్రతకూ ఆచరణకూ మధ్య వంతెన ఇదే. సంకల్పం లేని ఏకాగ్రత శూన్యంలోకి చూడడం వంటిది. ఏకాగ్రత లేని సంకల్పం కాగితం మీది పథకం.

ఈ కొలబద్దలో ఫలితానికి చోటు లేకపోవడం ఆశ్చర్యకరంగా తోచవచ్చు. కారణం ఆటలోనే ఉంది. అద్భుతంగా కొట్టిన బంతి సరాసరి ఎదుటి ఆటగాని చేతిలోకి పోవచ్చు. బ్యాటు అంచుకు తగిలిన పనికిరాని బంతి ఎవరూ లేని చోట పడి పరుగు తెచ్చిపెట్టవచ్చు. ఒక్కొక్క బంతి విషయంలో ఫలితం నమ్మదగిన అద్దం కాదు. దానిని చూసి ముఖం దిద్దుకునేవాడు రోజుకొక వేషం వేయవలసి వస్తుంది. చేసిన పనిని చూసుకునేవానికి మాత్రమే సుదీర్ఘమైన సీజనులో నిలకడ దొరుకుతుంది.

ఒమాహాలో ఇరువైపులా ఒకే పాఠం

1950 నుంచి 2010 వరకు అమెరికా కళాశాలల బేస్‌బాల్ జాతీయ పోటీలు నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా నగరంలో, రోజెన్‌బ్లాట్ స్టేడియంలో జరిగేవి. 2004 జూన్ చివరివారంలో టైటన్లు అక్కడ తుది పోరుకు చేరారు. ఎదుట నిలిచింది దేశంలో అగ్రస్థానం పొందిన టెక్సస్ విశ్వవిద్యాలయపు జట్టు. దాని శిక్షకుడు ఆగీ గరీడో.

ఈ పేరు ఫుల్లర్టన్‌కు పరాయిది కాదు. టైటన్లకు మొదటి మూడు జాతీయ విజయాలు సంపాదించిపెట్టింది గరీడోయే. హోర్టన్ ఆయన వద్ద సహాయకుడిగా పనిచేసి, ఆయన టెక్సస్‌కు వెళ్లిన తర్వాత ఆ బాధ్యత స్వీకరించారు. రవీజా పాఠాలను కళాశాల బేస్‌బాల్‌లోకి ఆహ్వానించిన తొలితరం శిక్షకులలో గరీడో ఒకరు. ఆ విధంగా ఒమాహాలో గురువు ఒకవైపు, శిష్యుడు మరొకవైపు నిలిచారు. మనస్సును ఎట్లా కాపాడుకోవాలో రెండు జట్లకూ తెలుసు. ఒక్కొక్క బంతి అన్న మంత్రం రెండు చావడులలోనూ చెల్లుబడి అయ్యేదే.

మూడింట రెండు గెలిచినవారిదే కిరీటం. మొదటి ఆటను టైటన్లు 6-4 తేడాతో గెలిచారు. జూన్ 27న రెండవ ఆట. టైటన్ల పిచర్ జేసన్ విండ్సర్ తొమ్మిది ఇన్నింగ్సులూ తానే బంతి విసిరాడు. ఆ విసిరిన ప్రతి బంతినీ అందుకున్న క్యాచర్ కర్ట్ సుజుకీ.

సుజుకీ కథ కొంత చెప్పుకోదగినది. హవాయి దీవులలోని మావీలో పుట్టి పెరిగిన ఈ కుర్రవానిని ఫుల్లర్టన్ వారు విద్యార్థివేతనమిచ్చి పిలుచుకొని రాలేదు. తనంత తానుగా వచ్చి జట్టులో చోటు కోసం పరీక్షకు నిలబడ్డాడు. 2004 నాటికి దేశంలోని కళాశాల క్యాచర్లలో అగ్రగణ్యునికి ఇచ్చే జానీ బెంచ్ పురస్కారం అతనిని వరించింది. ఆ ఏడు అతని బ్యాటింగ్ సగటు .413. కళాశాల ఆటలో సైతం అది అసామాన్యం. ఆ అంకెను తిరగవేసి చదివితే, అంతటి సంవత్సరంలో కూడా అతడు పదింట దాదాపు ఆరుసార్లు విఫలుడయ్యాడని అర్థం.

ఏడవ ఇన్నింగ్సులో టైటన్లకు అప్పటికే ఇద్దరు ఔటయ్యారు. ముగ్గురు ఔటైతే ఆ అవకాశం ముగుస్తుంది. బ్యాటు పట్టినవాడు సుజుకీ. అతడు కొట్టిన బంతి మైదానంలో ఖాళీ చోట పడింది. ఆ దెబ్బతో వచ్చిన పరుగే ఆధిక్యాన్ని తెచ్చింది. విండ్సర్ దానిని చివరిదాకా కాపాడాడు. 3-2. టైటన్లకు నాలుగవ జాతీయ విజయం. మొత్తం సీజనులో 47 గెలుపులు, 22 ఓటములు. పోటీలలో అత్యుత్తమ క్రీడాకారుడుగా విండ్సర్ ఎంపికయ్యాడు.

బొమ్మ చేయలేని పని

ఇంతటితో కథ ముగిసిందనుకుంటే, మీట నొక్కితే కిరీటం వస్తుందన్న భ్రమ మిగులుతుంది. టెక్సస్ జట్టు ఓటమి ఆ భ్రమను తొలగిస్తుంది. ఏకాగ్రత విద్య తెలిసిన రెండు జట్లు తలపడితే ఒకటి ఓడక తప్పదు. విండ్సర్ చేతిలో బలం లేకపోతే, సుజుకీ కళ్లకు వేలకొలది బంతుల అభ్యాసం లేకపోతే, ఎన్ని ఊపిరులు తీసినా ప్రయోజనం ఉండదు. మానసిక సాధన లేని నైపుణ్యాన్ని సృష్టించదు. ఉన్న నైపుణ్యానికి అడ్డు తొలగిస్తుంది, అంతే. ఆ మాత్రానికే 31 ఆటల జట్టుకూ 38 ఆటల జట్టుకూ పోలిక లేకుండా పోయిందంటే, సమర్థుల దారిలో వారి మనస్సే ఎంత పెద్ద అడ్డుగోడ కాగలదో ఊహించుకోవచ్చు.

ఓడిన టెక్సస్ కూడా పాఠాన్ని నిరూపించింది. ఒమాహాలో కిరీటం చేజారిన బాధను మోసుకొని తిరగకుండా మరుసటి సంవత్సరం, 2005లో, అదే మైదానానికి వచ్చి జాతీయ విజేత అయింది. గడచిన బంతిని విడిచిపెట్టే విద్య గెలిచినవాని కంటె ఓడినవానికే ఎక్కువ అవసరం.

రవీజా తరువాతి సంవత్సరాలలో వృత్తి జట్లతోనూ పనిచేశారు. 1908 తర్వాత ప్రపంచ సీరీస్ గెలవని చికాగో కబ్స్ జట్టు 108 ఏళ్ల నిరీక్షణను ముగించిన 2016లో ఆయన ఆ జట్టుతో ఉన్నారు. ఆ చివరి ఆటలో కబ్స్ తమ ఆధిక్యాన్ని ఎనిమిదవ ఇన్నింగ్సులో పోగొట్టుకున్నారు. తర్వాత వాన పడి ఆట 17 నిమిషాలు ఆగింది. శతాబ్దపు ఓటములన్నీ ఆ 17 నిమిషాలలో వారి తలల మీద కూర్చోవచ్చు. వారు ఒక గదిలో చేరి ఒకరికొకరు ధైర్యం చెప్పుకున్నారు. తిరిగివచ్చి పదవ ఇన్నింగ్సులో గెలిచారు. సుజుకీ సైతం 2019లో వాషింగ్టన్ నేషనల్స్ జట్టు ప్రపంచ సీరీస్ గెలిచినప్పుడు దాని క్యాచర్లలో ఒకడు.

గరీడో 2018 మార్చిలో కన్నుమూశారు. అదే ఏడు జూలైలో రవీజా మరణించారు. వారి శిష్యులలో వృత్తి క్రీడాకారులైనవారు కొందరే. మిగిలినవారు ఉపాధ్యాయులు, వ్యాపారులు, ఉద్యోగులు, తండ్రులు అయ్యారు. వారికి ఇప్పుడు ఎవరూ బంతి విసరరు. అయినా పొద్దున చేసిన పొరపాటు సాయంత్రం దాకా వెంటాడడం మైదానంలో మాత్రమే జరిగే విషయం కాదు. తప్పిన పరీక్ష, నోరుజారిన మాట, చేజారిన ఉద్యోగం, ఏ ఒక్కటీ వెనుకకు రాదు. కాని తరువాతి పని వచ్చి ఎదుట నిలబడి ఉంటుంది. దానిని కొట్టడానికి చేతులు ఖాళీగా ఉండాలి.